అవయవ మార్పిడి తర్వాత వాడే మందులు: చెన్నైకి వచ్చే తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో కిడ్నీ, లివర్, గుండె మార్పిడి చేయించుకునేవాళ్లలో నెల్లూరు, తిరుపతి, చిత్తూరు, కడప, ఒంగోలు వైపు నుంచి వచ్చిన మనవాళ్లు ఎప్పుడూ ఉంటారు. డిశ్చార్జి రోజున చేతిలో సంచెడు మందులు, ఇంగ్లీషులో రాసిన కాగితాలు పెడతారు. డాక్టరుగారు ఇంగ్లీషులో, నర్సమ్మ తమిళంలో చెబుతారు. తెలుగు తప్ప మరో భాష రాని అమ్మకో నాన్నకో అందులో సగం కూడా అందదు, అయినా అడగడానికి మొహమాటపడి తల ఊపేస్తారు. ట్రాన్స్‌ప్లాంట్ రోగులతో, వాళ్ల ఇంట్లోవాళ్లతో రోజూ మాట్లాడే పనిలో ఉన్నాను కాబట్టి, నన్ను పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. ఇది చదివి ఎవరూ తమ డోసు తాము మార్చుకోవద్దు. మీ డోసు మీ రక్తపరీక్షలను బట్టి మీ డాక్టరు వేసిన లెక్క. పక్క బెడ్డు ఆయన డోసుతో దాన్ని పోల్చుకోవడం కూడా అనవసరం.

ఆపరేషన్ బాగా జరిగింది, కొత్త కిడ్నీ పనిచేస్తోంది. ఇంకా ఇన్ని మందులెందుకు?

మన రక్తంలోని తెల్లకణాలకు తనవాళ్లెవరో, పరాయివాళ్లెవరో బాగా తెలుసు. పుండులోకి చేరిన సూక్ష్మజీవిని చంపేవి అవే. కొత్తగా పెట్టిన కిడ్నీ మీద దాడి చేసేవీ అవే. మనల్ని బతికించడానికి వచ్చిన అవయవమని వాటికి తెలియదు. ఆ దాడినే రిజెక్షన్ అంటాం. తెల్లకణాల జోరును కావలసినంత మేరకు తగ్గించి ఉంచే మందులే ఇమ్యునోసప్రెసెంట్లు.

ఈ మందుల విలువ తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1954 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం చేసిన కిడ్నీ మార్పిడి విజయవంతమైంది. దాత, రోగి ఇద్దరూ అచ్చంగా ఒకే జన్యువులున్న కవలలు కావడమే అందుకు కారణం. అలాంటి కవల లేనివాళ్లకు దారి దొరకడానికి మందులు రావాల్సి వచ్చింది. 1960లలో అజాథయోప్రిన్, స్టెరాయిడ్లతో మొదలైంది. మన దగ్గర వేలూరు సీఎంసీలో 1971లో కిడ్నీ మార్పిడి చేసిన కాలానికి ఉన్న మందులు దాదాపు అవే. 1983లో సైక్లోస్పోరిన్‌కు, 1994లో టాక్రోలిమస్‌కు అమెరికాలో అనుమతి వచ్చాక పరిస్థితి బాగా మారింది. సైక్లోస్పోరిన్ నార్వేలోని మట్టిలో దొరికిన శిలీంధ్రం నుంచి, టాక్రోలిమస్ జపాన్‌లోని సుకుబా ప్రాంతపు మట్టిలోని బాక్టీరియా నుంచి, సిరోలిమస్ ఈస్టర్ దీవి మట్టి నుంచి వచ్చాయి. ఇన్ని ప్రాణాలు నిలబెడుతున్న మందులు మట్టిలోంచి పుట్టాయని తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

మా అమ్మే ఇచ్చింది కదా. సొంత రక్తం కాబట్టి మందులు తక్కువైతే చాలవా?

చాలవు. తల్లి నుంచి మనకు వచ్చేవి సగం జన్యువులే, మిగతా సగం తండ్రివి. అంటే అమ్మ కిడ్నీలో కూడా మన ఒంటికి పరాయిగా కనిపించే భాగం ఉంటుంది. పోలిక ఎక్కువగా ఉంటే డాక్టర్లు మొదట్లో ఇచ్చే మందుల బలాన్ని కొంత తగ్గించగలరు. అది వాళ్లు చూసుకునే విషయం. అమ్మ ప్రేమ ఎంత గొప్పదైనా తెల్లకణాలకు ఆ లెక్క ఉండదు. ఆమె ఇచ్చినదాన్ని కాపాడేది మీరు టైముకు వేసుకునే మాత్రే.

ఎంతకాలం వాడాలి? అయిదారేళ్లు బాగానే ఉంటే ఆపేయొచ్చా?

ఆ అవయవం పనిచేస్తున్నంత కాలం వాడాలి. ఆపడానికి లేదు.

ఈ ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మందులు మానేసి వచ్చేవాళ్లు చాలావరకు ఆరోగ్యం బాగున్నప్పుడే మానేస్తారు. మొదటి ఏడాది భయంతో గడియారం చూసుకుంటూ వేసుకుంటారు. మూడో ఏడు, నాలుగో ఏడు వచ్చేసరికి క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష అంకె) 1.2 దగ్గర నిలకడగా ఉంటుంది, ఉద్యోగంలోనో పొలం పనిలోనో మళ్లీ పడతారు, "నాకేమీ లేదు కదా" అనిపిస్తుంది. ఒకపూట మాత్ర మర్చిపోతారు, ఏమీ కాదు. తర్వాత వారంలో రెండుసార్లు మర్చిపోతారు, అప్పుడూ ఏమీ కాదు. లోపల మాత్రం ఒళ్లు ఆ అవయవానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసుకుంటూ ఉంటుంది. దానికి నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. కాళ్లవాపో, మూత్రం తగ్గడమో కనిపించేసరికి కిడ్నీ చాలావరకు పాడైపోయి ఉంటుంది. అలా పోయిన దాన్ని తిరిగి తేవడం చాలా కష్టం.

యుక్తవయసు పిల్లల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. చిన్నప్పుడు అమ్మ వేసేది. హాస్టల్‌కు వెళ్లాక తామే వేసుకోవాలి. స్నేహితుల ముందు మాత్రలు తీయడానికి సిగ్గు, స్టెరాయిడ్ వల్ల ముఖం గుండ్రంగా అయిందన్న బాధ. వాళ్లను తిట్టడం కంటే "ఎప్పుడైనా మానేశావా నాన్నా?" అని మామూలుగా అడిగి, నిజం చెప్పినా ఏమీ అనరన్న నమ్మకం కలిగించడం మేలు.

లివర్ మార్పిడి చేయించుకున్నవాళ్లలో కొద్దిమందికి ఏళ్ల తర్వాత మందులు పూర్తిగా ఆపగలిగారని మీరు విని ఉంటారు. అది నిజమే. కానీ నిపుణుల పర్యవేక్షణలో, తరచూ పరీక్షలు చేస్తూ, మెల్లమెల్లగా తగ్గించిన సందర్భాలవి. ఇంట్లో కూర్చుని చేసే ప్రయోగం కాదు.

మా చీటీలో ఉన్న మందులు ఏవి ఎందుకు?

ఆపరేషన్ సమయంలో సెలైన్ ద్వారా బాసిలిక్సిమాబ్ గానీ, ఏటీజీ గానీ ఇచ్చి ఉంటారు. మొదటి రోజుల్లో వచ్చే గట్టి దాడిని ఆపడానికి అది. ఇంటికి తెచ్చుకునేవి సాధారణంగా మూడు. టాక్రోలిమస్ ప్రధానమైనది, తెల్లకణాలు దాడికి సంకేతం పంపకుండా అడ్డుకుంటుంది. మైకోఫినోలేట్ ఆ కణాలు పెరిగిపోకుండా చూస్తుంది. మూడోది ప్రెడ్నిసొలోన్, అంటే స్టెరాయిడ్. దీని డోసు నెలనెలా తగ్గిస్తూ వస్తారు. కొందరికి మైకోఫినోలేట్ బదులు అజాథయోప్రిన్, టాక్రోలిమస్ బదులు సైక్లోస్పోరిన్, ఇంకొందరికి ఎవరోలిమస్ లేదా సిరోలిమస్ ఉంటాయి. లివర్ వాళ్లకు స్టెరాయిడ్ కొన్ని నెలల్లోనే ఆపేయడం మామూలే. కిడ్నీ వాళ్లకు ఎక్కువ సెంటర్లలో చిన్న డోసు కొనసాగుతుంది.

మిగతావి తోడు మందులు. కో-ట్రైమాక్సజోల్ ఒక రకం న్యుమోనియా రాకుండా, వాల్‌గాన్‌సైక్లోవిర్ సీఎంవీ అనే వైరస్ రాకుండా కొన్ని నెలలు ఇస్తారు. బీపీ మాత్ర, గ్యాస్ మాత్ర, కాల్షియం కూడా ఉండొచ్చు. తోడు మందులు కొంతకాలానికి ఆగిపోతాయి. అవి ఆగాయి కదా అని అన్నీ ఆగిపోయాయనుకునే వాళ్లున్నారు. ప్రతి విజిట్‌లోనూ "ఏది ఆపాం, ఏది ఉంచాం" అని డాక్టరుతో తెలుగులో రాయించుకోండి. ఆయనకు తెలుగు రాయడం రాకపోతే మీరే ఆయన ముందు రాసుకుని, చదివి వినిపించండి.

టాక్రో లెవెల్ పరీక్ష అంటే ఏమిటి? మాత్ర వేసుకుని వెళ్లాలా, వేసుకోకుండా వెళ్లాలా?

వేసుకోకుండా వెళ్లాలి. ముందు డోసు వేసుకున్న 12 గంటలకు, తర్వాతి డోసు వేసుకోబోయే ముందు, రక్తంలో మందు ఎంత మిగిలి ఉందో చూసే పరీక్ష ఇది. రాత్రి 9కి వేసుకున్నవాళ్లు ఉదయం 9 ప్రాంతంలో రక్తం ఇవ్వాలి. రోజుకు ఒక్కసారే వేసుకునే రకం వాడేవాళ్లకు 24 గంటల లెక్క.

తేడా ఎక్కువగా వచ్చేది ఇక్కడే. నెల్లూరు నుంచి తెల్లవారుజామున రైలెక్కిన మనిషి, దారిలో ఇడ్లీ తిని, అలవాటు ప్రకారం 8 గంటలకు మాత్ర వేసేసుకుంటాడు. 10 గంటలకు ల్యాబ్‌లో రక్తం ఇస్తాడు. మందు అప్పుడే రక్తంలో ఉద్ధృతంగా ఉంటుంది కాబట్టి రిపోర్టులో అంకె చాలా ఎక్కువ వస్తుంది. డాక్టరు అది నిజమనుకుని డోసు తగ్గిస్తే, అసలు లెవెల్ పడిపోతుంది. రిజెక్షన్‌కు తలుపు తెరిచినట్టే. అందుకే మాత్రను చొక్కా జేబులో పెట్టుకుని రండి. రక్తం ఇచ్చి, దూది అదిమి పట్టుకుని బయటికి రాగానే నీళ్లతో వేసుకోండి. పొరపాటున వేసేసుకుని వస్తే దాచకండి. ల్యాబ్‌లోనూ డాక్టరుకూ చెబితే పరీక్ష మర్నాటికి మారుస్తారు, అంతే. నిన్న రాత్రి ఎన్ని గంటలకు వేసుకున్నారో కూడా చీటీ మీద రాయండి.

లెవెల్ ఎంత ఉండాలన్నది అవయవాన్ని బట్టి, ఆపరేషనై ఎంతకాలమైందన్న దాన్ని బట్టి మారుతుంది. కిడ్నీ వాళ్లకు మొదటి నెలల్లో మిల్లీలీటరుకు సుమారు 8 నుంచి 12 నానోగ్రాములు, తర్వాత 5 నుంచి 8 మధ్య ఉంచడం చాలాచోట్ల చూస్తాం. లెవెల్ తక్కువైతే రిజెక్షన్ భయం. ఎక్కువైతే చేతుల వణుకు, బీపీ, పొటాషియం పెరగడం, ఆఖరికి మందే కిడ్నీని దెబ్బతీయడం. ఒకే డోసు ఇద్దరికి వేరువేరు లెవెల్ ఇస్తుంది. ఈ మందును కరిగించే ఎంజైము ఒక్కొక్కరిలో ఒక్కో వేగంతో పనిచేయడమే కారణం. మీ లెవెల్ ఒకసారి 6, ఒకసారి 11, మళ్లీ 4 అని ఊగుతూ ఉంటే, సగటు బాగున్నా సరే, అది మంచిది కాదు. టైము, తిండి, వేరే మందులు, వీటిలో ఎక్కడో తేడా ఉన్నట్టు.

మాత్ర టైము తప్పితే ఏం చేయాలి? రెండు కలిపి వేసుకోవచ్చా?

రెండు కలిపి ఎప్పుడూ వేసుకోకూడదు. ఉదయం 9 మాత్ర 11కి గుర్తొస్తే వెంటనే వేసుకోండి, రాత్రిది మామూలు టైముకే. సాయంత్రం దాకా గుర్తు రాకపోతే అది వదిలేసి, రాత్రి డోసు మాత్రమే వేసుకుని, ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌కు (ఆసుపత్రి తరఫున మీతో మాట్లాడే మనిషికి) ఫోన్ చేసి చెప్పండి. ఎన్ని గంటలు దాటితే వదిలేయాలో డిశ్చార్జి రోజే అడిగి రాయించుకుంటే టెన్షన్ ఉండదు. మాత్ర వేసుకున్న అరగంట లోపే వాంతి అయితే మళ్లీ వేయాలా అన్నది కూడా అప్పుడే అడగండి.

వారం మందుల డబ్బా మంచిదే. అయితే మాత్రలను స్ట్రిప్పులోంచి ముందే ఊడదీయకుండా, స్ట్రిప్పును కత్తెరతో ముక్కలు చేసి డబ్బాలో పెట్టండి. చెన్నై ఉక్కపోతకు విప్పిన మాత్రలు తేమ పడతాయి. ఎండలో నిలబెట్టిన కారులో మందులు వదిలేయొద్దు. ప్రయాణంలో మందుల సంచి మీ చేతిలోనే ఉండాలి, సీటు కింద పెట్టెలో కాదు. మైకోఫినోలేట్ మాత్రను చిదమకండి, విరవకండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ మందు పొడి ఆమె తాకకూడదు.

మెడికల్ షాపులో అదే మందు వేరే కంపెనీది చవకగా ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

మంచి కంపెనీ జెనెరిక్ మందు, అంటే అదే మందును వేరే కంపెనీ తయారుచేసినది, వాడటంలో తప్పు లేదు. మన దేశంలో చాలామంది వాడేది అదే. సమస్య డాక్టరుకు తెలియకుండా మారడంలో ఉంది. టాక్రోలిమస్ విషయంలో చాలినంతకూ ఎక్కువకూ మధ్య తేడా చాలా సన్నం. బ్రాండు మారితే లెవెల్ కొద్దిగా అటూ ఇటూ అవ్వొచ్చు. కాబట్టి ముందు చెప్పి మార్చండి, మార్చిన వారం లోపు లెవెల్ చూపించండి, ఆ తర్వాత అదే బ్రాండులో ఉండిపోండి. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి కాదు.

ఇంకొక ప్రమాదం ఇంతకన్నా పెద్దది. టాక్రోలిమస్‌లో రోజుకు రెండుసార్లు వేసుకునేది వేరు, ఒక్కసారి వేసుకునేది వేరు. షాపులో "రెండూ ఒకటే" అంటే నమ్మొద్దు. బిల్లు కట్టే ముందు పేరు, మిల్లీగ్రాములు, రకం మూడూ పాత స్ట్రిప్పుతో పక్కపక్కన పెట్టి చూడండి. 0.5 బదులు 5 ఇచ్చినా అక్కడే పట్టుకోవచ్చు. చీటీలో ఆ చుక్క చాలా చిన్నగా ఉంటుంది.

చేతులు వణుకుతున్నాయి, ముఖం ఉబ్బింది, లేని షుగర్ వచ్చింది. ఇవన్నీ మందుల వల్లేనా?

చాలావరకు అవును. వణుకు, తలనొప్పి, జుట్టు రాలడం, బీపీ టాక్రోలిమస్‌తో వస్తాయి. డోసు తగ్గేకొద్దీ వణుకు తగ్గుతుంది. విరేచనాలు, కడుపులో తిప్పడం, తెల్లకణాల సంఖ్య పడిపోవడం మైకోఫినోలేట్‌తో. ముఖం గుండ్రమవడం, ఆకలి, బరువు, మొటిమలు, ఎముకలు పలచబడటం స్టెరాయిడ్‌తో. సైక్లోస్పోరిన్ వాడేవాళ్లకు చిగుళ్లు పెరుగుతాయి, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి.

షుగర్ విషయానికొస్తే, టాక్రోలిమస్, స్టెరాయిడ్ రెండూ కలిసి దాన్ని తెస్తాయి. మనవాళ్లలో ఇంట్లో షుగర్ చరిత్ర ఉండటం మామూలే కాబట్టి ఇది తరచూ చూస్తాం. షుగర్ వచ్చిందని ట్రాన్స్‌ప్లాంట్ మందులు తగ్గించుకోకండి. దానికి వేరే మందు ఉంది, ఇన్సులిన్ ఉంది.

ఆడపిల్లల గురించి ఒక మాట. ముఖం మారిందని గదిలోంచి బయటికి రాని పిల్లల్ని చూస్తుంటాం. "ప్రాణం దక్కింది, ముఖానికేముందిలే" అని పెద్దవాళ్లు తేలిగ్గా అనేస్తారు. అలా అనకండి. స్టెరాయిడ్ డోసు తగ్గేకొద్దీ ముఖం చాలావరకు మామూలవుతుందని చెప్పండి. బాధ ఎక్కువైతే డాక్టరుతో వాళ్లనే మాట్లాడనివ్వండి. మందు మార్చే దారులు ఉంటాయి.

ఒళ్లు నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకోవచ్చా?

వద్దు. ఆ సూది చాలాసార్లు డైక్లోఫెనాక్. టాక్రోలిమస్‌తో కలిస్తే కిడ్నీకి అది పెద్ద దెబ్బ. ఇబుప్రొఫెన్ మాత్రలూ అంతే. ఆర్‌ఎంపీగారు మీ మేలు కోరే మనిషే కావచ్చు, రాత్రి పిలిస్తే వచ్చే మనిషీ ఆయనే. కానీ మీ మందుల సంగతి ఆయనకు తెలియదు. నొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ ఒక్కటే, అదీ ఎంత వేసుకోవాలో లివర్ వాళ్లు ముందే అడిగి ఉంచుకోవాలి.

టాక్రోలిమస్‌తో గొడవపడే మందులు చాలా ఉన్నాయి. తామరకు ఇచ్చే ఇట్రాకోనజోల్, ఫ్లుకోనజోల్ దాని లెవెల్‌ను అమాంతం పెంచుతాయి. మన ఎండలకు తామర ఇంటింటా ఉంటుంది కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ అనే యాంటిబయోటిక్‌లు, డిల్టియాజెమ్ అనే బీపీ మందు కూడా పెంచుతాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్ లెవెల్‌ను నేలకు దించేస్తాయి. టీబీ మందు మొదలుపెడితే టాక్రో డోసు ఎన్నో రెట్లు పెంచాల్సి రావచ్చు, లేదా రిఫాంపిసిన్ బదులు వేరేది వాడతారు. అందుకని టీబీ అని తేలిన రోజే ట్రాన్స్‌ప్లాంట్ డాక్టరుకు తెలియాలి. అజాథయోప్రిన్ వాడేవాళ్లు గౌట్‌కు ఇచ్చే అల్లోప్యూరినాల్, ఫెబుక్సోస్టాట్ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. గ్యాస్‌కు తాగే యాంటాసిడ్ సిరప్‌లను మైకోఫినోలేట్‌తో కలిపి వేసుకుంటే ఆ మందు ఒంటికి సరిగ్గా పట్టదు.

ఇవన్నీ ఎవరూ గుర్తుపెట్టుకోలేరు. ఒక్క అలవాటు చాలు: కొత్త మాత్ర ఏదైనా, ఎవరిచ్చినా, నోట్లో వేసుకునే ముందు దాని ఫోటో తీసి మీ ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కు పంపండి.

ఇమ్యూనిటీ తగ్గింది కదా, తిప్పతీగ కషాయం, అశ్వగంధ ఇస్తే బలం రాదా?

ప్రేమతో అడిగే ప్రశ్న ఇది, ఎక్కువగా అమ్మమ్మలు, అత్తగార్లు అడుగుతారు. కానీ ఒక్కసారి ఆలోచించండి. మనం వేలకు వేలు పోసి మందులు కొనేదే ఇమ్యూనిటీని అదుపులో ఉంచడానికి. దాన్ని పెంచుతుందని చెప్పే ప్రతిదీ మనం చేసే పనికి అడ్డం వచ్చేదే. తిప్పతీగ వాడినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులు కోవిడ్ కాలంలో మన దేశం నుంచే బయటికొచ్చాయి. లివర్ మార్పిడి అయినవాళ్లు ఆ గిన్నె దగ్గరికే వెళ్లకూడదు. నాటు మందులు, పసర్లు, ఆన్‌లైన్‌లో అమ్మే పొడులు అన్నిటికీ ఇదే జవాబు. కూరలో వేసే పసుపు పర్వాలేదు, పసుపు క్యాప్సూల్స్ వద్దు. బలం కావాలంటే పప్పు, గుడ్డు, పెరుగు, చేప ఉన్నాయి.

తిండిలో ఏం మానేయాలి?

పంపర పనస. చెన్నై పండ్ల బళ్ల మీద పంబ్లిమాస్ అని అమ్మేది అదే. గ్రేప్‌ఫ్రూట్ కూడా అదే కోవ. ఇవి టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ లెవెల్‌ను పెంచేస్తాయి, ఒక్క ముక్క కూడా వద్దు. బత్తాయి, కమలా తినొచ్చు. దానిమ్మ కొన్ని సెంటర్లు వద్దంటాయి, మీ సెంటర్ చెప్పినట్టు చేయండి.

కొబ్బరి నీళ్లు అందరూ ఆరోగ్యమనే తెచ్చిస్తారు. టాక్రోలిమస్, కో-ట్రైమాక్సజోల్ రెండూ రక్తంలో పొటాషియం పెంచుతాయి, కొబ్బరి నీళ్లలో పొటాషియం బాగా ఉంటుంది. రిపోర్టులో పొటాషియం చూసి డాక్టరు సరేనంటేనే తాగండి.

మిగతాదంతా శుభ్రత గురించే. క్యాన్ వాటర్ అయినా కాచి చల్లార్చుకోండి. మెరీనాలో కోసి పెట్టిన మామిడి ముక్కలు, రోడ్డు పక్క చెరకు రసం, పానీపూరి, టిఫిన్ సెంటర్‌లో పొద్దుటి నుంచి బయట ఉన్న కొబ్బరి చట్నీ మానండి. చెన్నైలో ఇష్టంగా తినే హాఫ్ బాయిల్ గుడ్డు కూడా వద్దు, పూర్తిగా ఉడకాలి. ఇంట్లో వేడిగా వండుకున్నది ఏదైనా నిశ్చింతగా తినొచ్చు. విరేచనాలు పట్టుకుంటే తేలిగ్గా తీసుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గి కిడ్నీ నలుగుతుంది, పైగా విరేచనాలప్పుడు టాక్రో లెవెల్ పెరుగుతుంది.

శివరాత్రికి, ఏకాదశికి ఉపవాసం ఉండొచ్చా?

మొదటి ఏడాది వద్దు. తర్వాత నిలకడగా ఉన్నవాళ్లు డాక్టరును అడిగి, నీళ్లు తాగుతూ, మందులు టైముకు వేసుకుంటూ ఉండొచ్చు. నీళ్లు కూడా ముట్టని ఉపవాసం ఎప్పుడూ కూడదు. మందు వేసుకుంటే ఉపవాసం చెడదు.

రిజెక్షన్ వస్తే మాకు తెలుస్తుందా?

తెలియకపోవచ్చు, అదే బాధ. కిడ్నీ వాళ్లకు క్రియాటినిన్ పెరగడం, లివర్ వాళ్లకు లివర్ ఎంజైములు పెరగడం రిపోర్టులో ముందు కనిపిస్తాయి. ఒంటికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. గుండె మార్పిడిలో అందుకే లక్షణాలు లేకపోయినా బయాప్సీలు (చిన్న ముక్క తీసి చేసే పరీక్షలు) చేస్తారు. మూత్రం తగ్గడం, ఒక్కసారిగా బరువు పెరగడం, కాళ్లవాపు, కిడ్నీ పెట్టిన చోట నొప్పి, కళ్లు పచ్చబడటం, ఆయాసం, ఇవి కనిపిస్తే ఆ రోజే ఫోన్ చేయాలి.

రిజెక్షన్ అనగానే అంతా అయిపోయిందని కూలబడతారు. అలా కాదు. త్వరగా పట్టుకుంటే చాలావరకు నయమవుతుంది. సాధారణంగా మూడు రోజులు పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఇస్తారు, లొంగకపోతే ఏటీజీ, యాంటీబాడీల వల్ల వచ్చినదైతే ప్లాస్మా మార్పిడి, ఐవీఐజీ అనే సెలైన్ మందు ఉంటాయి. బయాప్సీ చేద్దామంటే భయపడి వాయిదా వేయకండి.

ఇన్ఫెక్షన్ భయం ఎప్పటిదాకా?

మొదటి ఆరు నెలలు ఎక్కువ, తర్వాత తగ్గుతుంది, పూర్తిగా పోదు. 1967 డిసెంబరులో కేప్‌టౌన్‌లో ప్రపంచంలో మొదటి గుండె మార్పిడి జరిగింది. ఆ రోగి 18 రోజులకే న్యుమోనియాతో చనిపోయాడు. కొత్త గుండె కొట్టుకుంటూనే ఉంది. అణిచిపెట్టిన ఇమ్యూనిటీ ఊపిరితిత్తులను కాపాడలేకపోయింది. మందులు తక్కువైనా, ఎక్కువైనా ప్రమాదమన్నది వైద్యులు ఇలాంటి అనుభవాల నుంచే నేర్చుకున్నారు.

మొదటి నెలల్లో మాస్కు, చేతులు కడుక్కోవడం, పెళ్లిళ్లకూ జాతరలకూ దూరంగా ఉండటం అవసరం. పరామర్శకు వచ్చే బంధువుల్లో ఎవరికైనా దగ్గు, జలుబు ఉంటే ఫోన్‌లోనే పలకరించమని గట్టిగా చెప్పండి. రోగి చెప్పలేడు, ఇంట్లో పెద్దవాళ్లు చెప్పాలి. చెన్నై అపార్ట్‌మెంట్ల బాల్కనీలో పావురాల రెట్టలు ఉంటాయి, అవి రోగి ఊడ్చకూడదు. దోమతెర కట్టండి, డెంగీ ఈ ఊళ్లో ఏటా ఉంటుంది.

టీకాలు వేయించుకోవచ్చా? ఇంట్లో చంటిపిల్లకు పోలియో చుక్కలు వేయించవచ్చా?

బతికున్న వైరస్‌తో చేసే టీకాలు, అంటే ఎంఎంఆర్, చికెన్‌పాక్స్, నోటిలో వేసే పోలియో చుక్కలు, మార్పిడి అయినవాళ్లకు వద్దు. ఫ్లూ సూది ఏటా వేయించుకోవాలి, న్యుమోకాకల్ (న్యుమోనియా టీకా), హెపటైటిస్ బి టీకాలు కూడా వేయించుకోవాలి. కుదిరితే ఇవన్నీ ఆపరేషన్‌కు ముందే పూర్తి చేసుకోవడం ఇంకా మంచిది.

చంటిబిడ్డ టీకాలు ఆపొద్దు. పోలియో విషయంలో మాత్రం పిల్లల డాక్టరుకు ఇంట్లో ట్రాన్స్‌ప్లాంట్ అయినవారు ఉన్నారని చెప్పి, సూది టీకా గురించి అడగండి. చుక్కలు వేసిన బిడ్డ మలంలో ఆ వైరస్ కొన్ని వారాలు వస్తుంది కాబట్టి, తాతయ్యో నానమ్మో ఆ బిడ్డ డైపర్లు మార్చకూడదు.

తిరుమలలో తలనీలాలిస్తామని మొక్కుకున్నాం. ఎప్పుడు వెళ్లొచ్చు?

మొదటి ఆరు నెలలు ఆగండి. తర్వాత డాక్టరు సరేనంటే రద్దీ లేని రోజు చూసుకుని, మాస్కుతో వెళ్లండి. తలనీలాలు తీసేటప్పుడు కొత్త బ్లేడు కళ్ల ముందు వేయించుకోండి, గాటు పడితే శుభ్రం చేసుకోండి. క్యూలో ఎంతసేపు పడుతుందో తెలియదు, అందుకని రెండు పూటల మందులు, కాచిన నీళ్లు దగ్గర ఉంచుకోండి. దేవుడు మొక్కును ఆలస్యంగా తీర్చినా తీసుకుంటాడు.

పెళ్లి, పిల్లల సంగతి?

పెళ్లి చేసుకోవచ్చు, పిల్లల్నీ కనొచ్చు. ఆడవాళ్లు మార్పిడి తర్వాత కనీసం ఏడాది ఆగాలి, అవయవం నిలకడగా ఉండాలి. మైకోఫినోలేట్ కడుపులో బిడ్డకు తీవ్రమైన లోపాలు తెస్తుంది. గర్భం కోసం ప్రయత్నించడానికి కనీసం ఆరు వారాల ముందే దాన్ని మార్పించుకోవాలి, సాధారణంగా అజాథయోప్రిన్‌కు మారుస్తారు. కాబట్టి కొత్తగా పెళ్లయిన అమ్మాయి ఈ సంగతి ముందే డాక్టరుతో మాట్లాడాలి. అత్తగారి ఇంట్లో దాచి, గర్భం వచ్చాక ఏ మందూ చెప్పకుండా ఆపేయడం తల్లికీ బిడ్డకూ ప్రమాదం.

క్యాన్సర్ వస్తుందంటారు, నిజమా?

కొన్ని రకాల అవకాశం పెరుగుతుంది, ముఖ్యంగా చర్మం, లింఫ్ గ్రంథులవి. ఆడవాళ్లు గర్భాశయ ముఖద్వార పరీక్ష క్రమంగా చేయించుకోవాలి. మానని పుండు, తగ్గని గడ్డ చూపించండి. పొగాకు మానేయండి.

నెలనెలా ఈ ఖర్చు ఎలా?

డబ్బు చాలక రోజు విడిచి రోజు వేసుకునేవాళ్లు ఉన్నారు. సిగ్గుపడి డాక్టరుకు చెప్పరు. దయచేసి చెప్పండి. డాక్టరు చేతిలో చవకైన బ్రాండుకు మార్చడం నుంచి చాలా దారులుంటాయి, మీరు మానేశాక ఏ దారీ ఉండదు.

తమిళనాడులో స్థిరపడి, ఇక్కడి రేషన్ కార్డు ఉన్న తెలుగు కుటుంబాలు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం కార్డు తీసుకోవచ్చు, ఏడాదికి 1,20,000 రూపాయల లోపు ఆదాయం ఉండాలి. ఆంధ్రా నుంచి వచ్చినవాళ్లు ఎన్టీఆర్ వైద్యసేవ గురించి ఆ పథకం వర్తించే ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో అడగాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు కేంద్రం జాతీయ అవయవ మార్పిడి కార్యక్రమం కింద ఈ మందులకు సాయం చేస్తుంది, దరఖాస్తు గురించి మీ ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ను అడగండి. ఆపరేషన్‌కు ఎంతవుతుందని అడిగేటప్పుడే, తర్వాత నెలకు మందులకు, పరీక్షలకు ఎంతవుతుందో కూడా అడగాలి. పొలం అమ్మి ఆపరేషన్ చేయించి, మందుల దగ్గర చేతులెత్తేయాల్సి వస్తే ఆ కష్టమంతా వృథా.

ఊరికి వెళ్లిపోయాక అర్ధరాత్రి జ్వరం వస్తే?

100.4 డిగ్రీలు దాటితే తెల్లారేదాకా చూడొద్దు. ముందు చెన్నై నంబరుకు ఫోన్ చేయండి, దగ్గరలోని పెద్దాసుపత్రికి బయలుదేరండి. అక్కడ డ్యూటీ డాక్టరుతో మొదటి మాటే "ట్రాన్స్‌ప్లాంట్ అయిన మనిషి" అని చెప్పండి. మందుల చీటీ, ఆఖరి క్రియాటినిన్, ఆఖరి టాక్రో లెవెల్, కోఆర్డినేటర్ నంబరు రోగి ఫోన్‌లోనూ ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ ఫోటోలుగా ఉండాలి. రోగి మాట్లాడలేని స్థితిలో ఉంటే ఫోన్ లాక్ తీసేవాళ్లుండరు. ఏ మందు ఆపాలన్నా, కొత్తది మొదలుపెట్టాలన్నా రెండు ఆసుపత్రుల డాక్టర్లనూ ఫోన్‌లో కలపండి. ఇక వాంతులతో మాత్రలు నిలవకపోతే ఆ సంగతి తప్పక చెప్పండి. ఏళ్లుగా స్టెరాయిడ్ వాడుతున్న ఒంటికి అది ఒక్కసారిగా ఆగితే బీపీ పడిపోతుంది, సూది రూపంలో ఇవ్వాల్సి రావచ్చు.